పొగగొట్టపు చప్పుళ్ళు – రోగనిదానం

వైద్యుడు రోగిని పరీక్షించడానికి ముందు రోగిచేత చెప్పిస్తాడు. నాడి పట్టిన హకీముగారు సైతం "ఏమవుతున్నది?" అని అడుగక మానరు. "ఏదో నలతగా ఉన్నది" అన్న జవాబు వల్ల ఆయనకు ప్రయోజనం లేదు. "తిన్న గంటకు కడుపులో మంట" అంటే సగం దారి నడిచినట్లే. వాహనాల విషయంలోనూ ఇదే వరుస. అయితే మనలో చదువుకొన్నవారు చాలామంది మరమ్మతు షెడ్డుకు వెళ్ళి, "బండిలో ఏదో శబ్దం వస్తున్నది, చూడండి" అని చెప్పి ఊరకుంటారు. బడిమెట్టు ఎక్కని ట్రాక్టరు డ్రైవరు మాత్రం, "ఎత్తు ఎక్కేటప్పుడు బుస్సుమంటున్నదన్నా" అంటాడు. ఎప్పుడు, ఎట్లా అనే రెండు ప్రశ్నలకూ ఆ ఒక్క వాక్యంలో జవాబున్నది. మేస్త్రీకి కావలసినదీ అదే.

వ్యాకర్తలు ధ్వన్యనుకరణములని పిలిచే పదాలు తెలుగులో కోకొల్లలు. గలగల, గడగడ, టకటక, పటపట, చిటపట, బుసబుస, గరగర, దబదబ, గుడగుడ – ఇవి పిల్లల మాటలనీ, పాండిత్యానికి తగనివనీ కొందరికి చులకన. మా అభిప్రాయం అది కాదు. గలగలకూ గరగరకూ ఉన్న భేదం, విడిగా ఉన్న రెండు వస్తువులు తగలడానికీ, ఆనుకొని ఉన్న రెండు వస్తువులు రాచుకోవడానికీ ఉన్న భేదం. ఒక్క అక్షరం మారితే కారణం మారుతున్నది. ఇంత సూక్ష్మమైన పరికరం మన నాలుక మీదనే ఉండగా "ఏదో శబ్దం" అనడం తగునా? వాహనపు పొగగొట్టంలో పుట్టే అసాధారణ ధ్వనులను వాటి పేర్లతోనే పట్టుకొని, కారణాలను తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం. వీటిలో ఒక ధ్వని ప్రాణానికి సంబంధించినది. దానికి కొంత ఎక్కువ చోటిస్తాము.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి వేరుపడిన మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో పొగగొట్టాలకు ఆయుర్దాయం తక్కువ. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో పొలం బాటలు, వానాకాలంలో బురద, ఊరూరా దారికడ్డంగా పోసిన ఎత్తైన దిబ్బలు – ఇవన్నీ బండి అడుగుభాగాన్ని రాచేవే. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి మీదుగా కర్నూలుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి నున్నగా ఉన్నది. దానినుండి దిగిన మరుక్షణం కథ వేరు. ఇది అందరికీ కనిపించే కారణం. కనిపించని కారణం ఇంకొకటి కలదు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంజను వేడెక్కి నడిచినప్పుడు ఆ నీరు ఆవిరిగా బయటికి పోతుంది. ఇంటినుండి బజారుకు, బజారునుండి ఇంటికి, కిలోమీటరు దూరం మాత్రమే తిరిగే బండిలో గొట్టం పూర్తిగా వేడెక్కదు. నీరు సైలెన్సరు అడుగున నిలుస్తుంది, దానిలో పొగలోని ఆమ్లాలు కలుస్తాయి, ఇనుము లోపలినుండి తుప్పు పడుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. కాబట్టి రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే జీపు సైలెన్సరుకన్న, ఇంటిముందు కడిగి తుడిచి పెట్టుకొనే బండి సైలెన్సరే ముందు చిల్లులు పడవచ్చు. తెల్లవారుజామున పెట్రోలు బండి గొట్టంనుండి నాలుగు చుక్కల నీరు కారితే మాత్రం కంగారుపడ నవసరం లేదు. అది సహజం.

ఇక అసలు ఈ మోత ఎట్లా పుడుతున్నదో చూతము. సిలిండరులో ఇంధనం మండి, ముషలకాన్ని అనగా పిస్టనును కిందికి నెట్టిన పిమ్మట, పొగ పోయే వాల్వు తెరుచుకుంటుంది. అప్పటికి ఇంకా లోపలి వాయువు పీడనం బయటి గాలి పీడనానికి కొన్ని రెట్లుంటుంది. మూత తీసిన సోడా సీసా వలె అది ఒక్క ఊపున బయటికి దూకుతుంది. అట్టి ఒక్కొక్క దూకుడూ ఒక్కొక్క దెబ్బ. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక సిలిండరుకు ఒక దెబ్బ. నిమిషానికి 1200 చుట్లతో నిలకడగా తిరిగే ఒంటి సిలిండరు మోటారు సైకిలు నిమిషానికి 600, అనగా సెకనుకు 10 దెబ్బలు కొడుతుంది. 800 చుట్లతో తిరిగే నాలుగు సిలిండర్ల కారు సెకనుకు సుమారు 27 దెబ్బలు కొడుతుంది. మనిషి చెవి సెకనుకు 20కి తక్కువైన దెబ్బలను విడివిడిగా వింటుంది, అంతకు మించినవాటిని కలిపి ఒకే నాదంగా వింటుంది. పాత బుల్లెటు "దుగ్ దుగ్" మనడానికీ, కారు "హుఁ" అని మూలగడానికీ కారణం ఇదే. ఈ లెక్కను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మున్ముందు పనికివస్తుంది.

ఆ దెబ్బలను మెత్తపరచేది సైలెన్సరు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు 1897లో దీనికి పేటెంటు పొందినారు. లోపల గదులు, అడ్డు రేకులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. సన్నని గొట్టంనుండి విశాలమైన గదిలోనికి వచ్చిన వాయువు వ్యాకోచించి బలం కోల్పోతుంది. గది గోడలకు తగిలి వెనుదిరిగిన ధ్వని తరంగం, ఎదురు వచ్చే తరంగాన్ని కొంతవరకు రద్దుచేస్తుంది. అంతే గాని, సైలెన్సరు శబ్దాన్ని మింగివేసే మంత్రపు పెట్టె కాదు. లోపలి రేకు ఒకటి విరిగినా, గోడకు చిల్లి పడినా ఈ ఏర్పాటంతా తారుమారవుతుంది.

ఇప్పుడు ధ్వనుల వద్దకు వత్తాము.

మొదటిది గలగల. ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్లుంటుంది. సైలెన్సరు లోపలి అడ్డురేకు అతుకు ఊడిపోయి అటూ ఇటూ తగులుతున్నదన్నమాట. ఇంజను ఆపి, గొట్టం బాగా చల్లారిన తరువాత, అరచేతితో తట్టి చూస్తే ఆ గలగల అట్లే వినిపిస్తుంది. ఇటీవలి బండ్లలో ఇదే ధ్వనికి ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. వాటి పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టరు అనే భాగం ఉంటుంది. తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మెకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూత పూసి దీనిని చేస్తారు. దిబ్బకు తగిలినా, వేడిమీద ఉన్నప్పుడు లోతు నీటిలో దింపినా ఆ దిమ్మె పగిలి ముక్కలవుతుంది. ముక్కలు గలగలలాడటమే కాక దారికి అడ్డుపడి ఇంజను ఊపిరి తీస్తాయి. కొందరు ఆ ముక్కలను దులిపివేసి ఖాళీ డబ్బాను మరల బిగించి, "పికప్పు పెరుగుతుంది" అని సంతోషపెడతారు. మేము దీనిని మరమ్మతు అనజాలము. విషవాయువును శుద్ధిచేసే అవయవాన్ని కోసివేయడం అది.

గరగర, జిమ్మని మ్రోగడం – ఇవి రేకుల జాతి. గొట్టం పైన వేడి తగలకుండా బిగించిన పలుచని రేకుకు మేకు సడలినా, తుప్పు పట్టినా, ఇంజను ఒక ప్రత్యేకమైన వేగానికి వచ్చినప్పుడు మాత్రమే మ్రోగుతుంది. ఆ వేగం దాటగానే నోరు మూసుకుంటుంది. భౌతికశాస్త్రంలో దీనిని అనునాదం అంటారు. భయపడవలసిన జబ్బు కాదు. ఒక క్లాంపుతో పోతుంది. దిబ్బ దాటినప్పుడల్లా అడుగున దబ్బుమంటే గొట్టాన్ని వేలాడదీసిన రబ్బరు తెగినదని అర్థం. దీనికి అయ్యే ఖర్చు అతి స్వల్పం. కాని ఉపేక్షిస్తే బరువంతా ముందు అతుకుల మీద పడి అవి పగులుతాయి.

పటపట, టప్ టప్ అని పేలడం వేరొక జాతి. అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా నల్లమలలో శ్రీశైలం దారిన పోయినవారికి ఇది బాగా పరిచితం. దోమలపెంట దాటి కృష్ణవైపు దిగేటప్పుడు మలుపు మలుపుకూ యాక్సిలరేటరు వదలి, గేరు మీదనే బండిని నిలుపుకుంటూ దిగుతారు. అట్టి సమయంలో సిలిండరులో సరిగా మండని ఇంధనం అట్లే గొట్టంలోనికి పోతుంది. గొట్టం కాలుతూ ఉంటుంది. ఏ అతుకు సందునుండియో బయటి గాలి చొరబడితే ఇంధనం అక్కడ అంటుకొని పేలుతుంది. కార్బురేటరు ఉన్న పాత మోటారు సైకిళ్ళలో ఒకటి రెండు పేలుళ్ళు పెద్ద దోషం కావు. అదేపనిగా పేలితే మిశ్రమం సరిచూడవలెను, అతుకులు చూడవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణపు బండ్లలో, యాక్సిలరేటరు వదలి దిగేటప్పుడు ఇంధనం సరఫరాయే ఆగిపోయే ఏర్పాటున్నది. కాబట్టి అట్టి బండి పేలుతున్నదంటే అతుకు కారడమో, స్పార్కు లేదా ఇంజెక్టరు దోషమో తప్పక ఉండి ఉండాలి. పైగా మండని ఇంధనం కన్వర్టరులో మండి దాని దిమ్మెను కరగించగలదు. పేలుళ్ళను విని ఆనందించే యువకులు ఈ సంగతి కూడా తెలుసుకొనుట మంచిది.

తడబాటు అనేది చెవికి కొంత శిక్షణ ఉంటే గాని తెలియదు. ముందు చెప్పిన లెక్క ఇక్కడ పనికివస్తుంది. నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచేయకపోతే ప్రతి నాలుగు దెబ్బలకు ఒక దెబ్బ లోపిస్తుంది. నిలకడగా ఉన్నప్పుడు సెకనుకు సుమారు 7 లోపాలు. అవి చెవికి విడివిడిగా అందుతాయి. ఏకనాదం తెగి "తుకు తుకు" మని కుంటినడక వినిపిస్తుంది. ఛందస్సు చదివిన విద్యార్థికి గణభంగం చెవికి ఎట్లా తగులుతుందో ఇదీ అట్లే. రూఢి చేసుకొనడానికి పాత మేస్త్రీలు ఒక చిన్న పరీక్ష చేస్తారు. ఒక కాగితం పట్టీని గొట్టం మూతికి జానెడు దూరంలో వేలాడదీస్తారు. ఆరోగ్యమైన ఇంజను దానిని ఏకరీతిగా బయటికి నెడుతుంది. నడుమ నడుమ నెట్టడం మానితే ఎక్కడో స్పార్కు గాని ఇంధనం గాని తప్పిపోతున్నది. నడుమ నడుమ కాగితాన్ని లోపలికి పీల్చుకొంటే, పొగ వాల్వు కాలి సరిగా మూసుకోవడం లేదని సందేహించవలెను. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

గొంతు నొక్కినట్లు మూగబోవడం అన్నింటికన్న మోసకరమైన లక్షణం. శబ్దం పెరిగితే అందరూ గమనిస్తారు, తగ్గితే ఎవరు గమనిస్తారు? బండికి బలం తగ్గి, ఎత్తు ఎక్కలేక, పొగగొట్టం మూతి వద్ద గాలి ఊదుడు బలహీనమైతే, గొట్టం పూడినదని అర్థం. ఆనాటి రాజ్‌దూత్, జావా, లాంబ్రెటా వంటి రెండు స్ట్రోకుల బండ్లలో పెట్రోలుతోబాటు నూనె కూడా మండేది గనుక సైలెన్సరులో మసి గడ్డకట్టేది. మేస్త్రీలు దానిని ఊడదీసి నిప్పుల మీద కాల్చి, కాస్టిక్ సోడా నీళ్ళతో కడిగి మరల బిగించేవారు. ఆ బండ్లు కనుమరుగైనవి గాని పూడిక పోలేదు. కొత్త డీజిలు కార్లలో మసిని పట్టి ఉంచే వడపోత ఉన్నది. తగినంత దూరం, తగినంత వేగంతో నడిస్తే ఆ మసి దానంతట అదే కాలిపోతుంది. నిత్యం ఊరిలోనే తిరిగే కారులో కాలే అవకాశం లేక నిండిపోతుంది. అప్పుడు ముందరి పలకలో దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని చూసి బండి ఆపివేసేవారే ఎక్కువ. బండి పుస్తకంలో చెప్పిన విధంగా ఖాళీ రహదారి మీద కొంతసేపు ఆపకుండా నడపడమే చాలా సందర్భాలలో దానికి మందు.

ఇక మిగిలినది టికటిక, దాని పెద్దన్న బుసబుస. పైన ఆగుతామని చెప్పినది ఇక్కడనే.

ఇంజను నుండి పొగను సేకరించే మానిఫోల్డు పగిలినా, దాని అడుగున ఉండే గాస్కెటు కాలినా, సన్నని సందునుండి ఒక్కొక్క దెబ్బకు కొంత వాయువు చిమ్ముతుంది. అది టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. టాపెట్ల చప్పుడు కూడా ఇట్లే ఉంటుంది గనుక పొరపడేవారు కలరు. భేదం తెలుసుకొనడం కష్టం కాదు. పొద్దున చల్లని ఇంజను మీద గట్టిగా వినిపించి, లోహం వేడెక్కి వ్యాకోచించి సందు మూసుకోగానే తగ్గిపోయేది చాలావరకు పొగ కారడమే. బరువు మీద, ఎత్తు మీద యాక్సిలరేటరు తొక్కినప్పుడు హెచ్చేది కూడా అదే. టాపెట్ల మోత బరువును అంతగా లెక్కచేయదు. కారే చోట నల్లని మసి చారిక పడుతుంది. అది చాలా మంచి సాక్ష్యం. చల్లని ఇంజనును అప్పుడే నడిపించి అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లితే కారే చోట బుడగలు లేస్తాయి. ఒక రబ్బరు గొట్టం కొనను చెవికి పెట్టుకొని, రెండవ కొనను కాలే భాగాలకూ తిరిగే పంకాకూ దూరంగా ఉంచి అతుకులవెంట తిప్పితే చప్పుడు ఎక్కడ బిగ్గరగా ఉన్నదో తెలుస్తుంది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లాయెన్నెక్ చుట్టిన కాగితపు గొట్టంతో రోగి గుండెను విన్న పద్ధతి ఇదే కదా!

సందు పెద్దదైతే, లేదా కింద గొట్టానికే చిల్లి పడితే, టికటిక బుసబుసగా మారుతుంది. పాము చేసే ధ్వనికి మన పూర్వులు పెట్టిన పేరునే దీనికి వాడుతున్నాము. ఆ పోలిక వృథాగా పోలేదు. చిల్లి బండి వెనుక కొనలో ఉంటే మోత మాత్రమే. మనుషులు కూర్చున్న చోటుకు కింద గాని, ముందు గాని ఉంటే, పొగ నేల రేకుల సందులలో నుండి, గేరు కడ్డీ చుట్టూ ఉన్న రబ్బరు చిరుగులలోనుండి లోపలికి వస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనే బలంకన్న ఈ వాయువును పట్టుకొనే బలం 200 రెట్లకు పైన. గాలిలో అది కొద్దిపాటి ఉన్నా రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని అది ఆక్రమిస్తూ పోతుంది. 1890లలో బొగ్గు గనులలో ప్రమాదాలను పరిశోధించిన బ్రిటిషు శాస్త్రజ్ఞుడు హాల్డేన్, చిన్న పక్షులను వెంట తీసుకొనిపొమ్మని సూచించినది ఇందువల్లనే. మనిషికి తెలియకముందే పిట్ట సొమ్మసిల్లుతుంది. మన బండిలో పిట్ట లేదు, బుస మాత్రమే ఉన్నది.

లక్షణాలు ఇవి: తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం, నిద్రమత్తు. విచారకరమైన సంగతి ఏమనగా, మన వాళ్ళు వీటన్నిటికీ "ప్రయాణం పడలేదు" అని ఒకే పేరు పెడతారు. అద్దాలు ఎత్తుకొని, ఏ.సి. వేసుకొని పోతున్న బండిలో ఒకరికి కాక అందరికీ ఒకేసారి తలనొప్పి మొదలైతే, బయటికి దిగి కాసేపు నిలిచిన తరువాత తగ్గితే, దానిని ప్రయాణం మీద నెట్టవద్దు. వెంటనే బండి ఆపి, ఇంజను ఆపి, అందరినీ దింపవలెను. ఎవరికైనా తెలివి తప్పుతుంటే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చి, పొగ సంగతి వైద్యునికి మొదటనే చెప్పవలెను. అక్కడ ప్రాణవాయువు ఇస్తారు. చెప్పకపోతే వైద్యుడైనా ఊహించగలడా?

చిల్లి లేకపోయినా ఈ ప్రమాదం వచ్చే సందర్భాలు రెండు మూడు మన ప్రాంతంలో తరచు కనిపిస్తాయి. సామాను పట్టక వెనుక తలుపును సగం తెరచి తాడుతో కట్టి, ముందు అద్దాలన్నీ మూసుకొని పోయే బండ్లను చూస్తుంటాము. పోతున్న బండి వెనుక గాలి పీడనం తగ్గి, అక్కడనే విడుదలవుతున్న పొగ తిరిగి లోపలికి ఈడ్వబడుతుంది. వెనుక కూర్చున్న పిల్లలకే అది ముందు తగులుతుంది. వెనుక తలుపు మూయక తప్పదు. మూయడం సాధ్యం కాకపోతే ముందు అద్దాలైనా దించవలెను. అట్లే పెండ్లికి పోయి, రాత్రి నిద్రకు చోటు లేక, కారులో ఇంజను నడిపించి ఏ.సి. వేసుకొని పడుకొనడం. అందునా గోడల నడుమ, రేకుల షెడ్డులో నిలిపిన కారులో. కరెంటు పోయినప్పుడు ఇంటి వరండాలోనో, మెట్ల కిందనో నడిపించే చిన్న జనరేటరు కూడా ఈ కోవలోనిదే. డీజిలు పొగలో ఈ వాయువు పెట్రోలు పొగకన్న తక్కువ గాని, మూసిన గదిలో ఏ పొగనూ నమ్మరాదు. పై పరీక్షలన్నీ కూడా ఆరుబయటనే చేయవలెనని వేరుగా చెప్ప నవసరం లేదనుకుంటాము.

కోరి తెచ్చుకొనే చప్పుడు గురించి కూడా రెండు మాటలు చెప్పక తప్పదు. మోటారు సైకిలు కొన్న వారం తిరగకుండా సైలెన్సరులోని అడ్డురేకులు తీయించి, లేదా బండితో వచ్చినదానిని పీకి ఇంకొకటి బిగించి, వీధులు దద్దరిల్లేటట్లు తిరిగే యువకులు ఇప్పుడు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 120వ నియమం, ట్రాక్టరుతో సహా ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సరు ఉండవలెనని శాసిస్తున్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటింపదగినది. అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్లు. కళాశాల గేటు ముందు యాక్సిలరేటరు తిప్పే విద్యార్థికి ఈ అంకెలు తెలియకపోవచ్చు. కాని రోగనిదానం దృష్ట్యా మా అభ్యంతరం ఇంకొకటి. అంత మోతలో తన బండి టిక్కుమన్నా, తడబడినా, బుస కొట్టినా ఆ యువకునికి ఎన్నటికీ వినిపించదు. వైద్యుడు వచ్చే వేళకు రోగి కేకలు వేస్తుంటే నాడి అందుతుందా?

ఇప్పటి బండ్లకు కంప్యూటరు తగిలించి దోషం చెప్పించవచ్చును గదా, చెవి ఎందుకని అడిగేవారుంటారు. ఆ యంత్రం మంచిదే. ఏ సిలిండరు తప్పుతున్నదో అంకెతో సహా చెప్పుతుంది. కాని తెగిన రబ్బరును, సడలిన రేకును, తుప్పు చిల్లిని అది చూడలేదు. వాటికి వైరు లేదు. వనపర్తి సంస్థానపు రాజభవనంలో నడుస్తున్న పాలిటెక్నిక్కులో యంత్రశాస్త్రం చదివే విద్యార్థికీ, రోడ్డు పక్కన షెడ్డులో ఉస్తాదు చేతికింద పని నేర్చుకొనే కుర్రవానికీ ఈ విషయంలో పరికరం ఒకటే. అది చెవి.

ఆ షెడ్డు భాష గురించి ఒక ముచ్చట. మరమ్మతు అరబ్బీ నుండి వచ్చినది. కార్ఖానా ఫారసీ. మేస్త్రీ అన్న మాట పోర్చుగీసువారి నుండి వచ్చినది. సైలెన్సరు, గాస్కెటు ఇంగ్లీషు. ఉర్దూ మాట్లాడే ఉస్తాదూ, తెలుగు మాట్లాడే రైతూ పానా, పుర్జా, ఖరాబు అనే మాటలను ఇద్దరి సొత్తుగానే వాడుకుంటారు. పనిముట్ల పేర్లు ఇట్లా నలుదిక్కుల నుండి వచ్చినవి గాని, చప్పుళ్ళ వద్దకు వచ్చేసరికి రైతు తన ఇంటి మాటనే వాడతాడు. బుస అన్న మాటకు ఉస్తాదు అర్థం అడుగడు.

కాబట్టి షెడ్డుకు పోయే ముందు ఇంటి వద్దనే నాలుగు సంగతులు గమనించి పోవలెను. చప్పుడు చల్లని ఇంజను మీదనా, వేడి మీదనా? నిలిచి ఉన్నప్పుడా, పోతున్నప్పుడా? బరువు మీద, ఎత్తు మీద పెరుగుతున్నదా? ఇంజను వేగంతోబాటు దాని వడి పెరుగుతున్నదా, లేక దారి గతుకులను బట్టి వస్తున్నదా? ఇవి కాక పొగ రంగు మారితే దానిని కూడా చెప్పవలెను. నల్లనిదైతే ఇంధనం ఎక్కువవుతున్నది. నీలి ఛాయ ఉంటే నూనె మండుతున్నది. వేడెక్కిన తరువాత కూడా తెల్లని ఆవిరి ఆగకపోతే చల్లబరచే నీరు సిలిండరులోనికి దిగుతున్నదేమో చూడవలెను. ఇవన్నీ గమనించినవాడు చెప్పే తీరు ఇట్లా ఉంటుంది:

"ఉస్తాద్, పొద్దున బండి తీయగానే టిక్కుటిక్కుమంటున్నది. పది నిమిషాలకు తగ్గుతున్నది. బస్తాలు వేసుకొని ఎత్తు ఎక్కితే మళ్ళీ వస్తున్నది, అప్పుడు బుస్సుమంటున్నది. నిన్నటినుండి ముందు సీటులో కూర్చున్నవారికి తలనొప్పి వస్తున్నది."

ఇంత విన్న ఉస్తాదు "బండి నడిపి చూపించు" అని అడుగడు. అద్దాలు దించమంటాడు, బానెటు ఎత్తమంటాడు. ఇంజను చల్లారేవరకు ఆగి, మానిఫోల్డు అతుకు మీద మసి చారిక కోసం దీపం వేసి చూస్తాడు.